పడవను ముందు ఆపడం నేర్పండి: సెయిలింగ్, పర్యావరణ శాస్త్రం కలిపి వేసవి శిబిరం నడిపే పద్ధతి

పొద్దున పడవలు, మధ్యాహ్నం పాఠాలు. సెయిలింగ్, పర్యావరణ శాస్త్రం రెండూ నేర్పే వేసవి శిబిరాలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. గాలిలో, ఎండలో మూడు గంటలు తిరిగి వచ్చిన పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపిస్తూ నీటి కాలుష్యం గురించి చెబితే ఒక్క ముక్క కూడా బుర్రకెక్కదు. సగం మంది కునుకు తీస్తారు. మిగతా సగం కిటికీలోంచి పడవల వంక చూస్తుంటారు.

ఏళ్ల తరబడి ఇలాంటి శిబిరాలు నడిపాక నేను గట్టిగా చెప్పేది ఒకటే. శాస్త్రం పడవలోనే జరగాలి. కొలవాల్సిన చోటికి తెరచాప వేసుకుని వెళ్లాలి, అక్కడ పడవను నిలబెట్టాలి, కొలిచి, రాసుకుని, మళ్లీ తెరచాప మీదే ఒడ్డుకు రావాలి. అప్పుడు పిల్లలకు సెయిలింగ్ ఎందుకో తెలుస్తుంది, కొలత ఎందుకో కూడా తెలుస్తుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. హడ్సన్ నది కాలుష్యం మీద జనంలో కదలిక తేవడానికి గాయకుడు పీట్ సీగర్, ఆయన మిత్రులు ‘క్లియర్‌వాటర్’ అనే తెరచాప ఓడను కట్టించి 1969లో నీళ్లలోకి దించారు. పిల్లల్ని ఓడ ఎక్కించి, వాళ్ల చేతే వల లాగించి, దొరికినవి చూపించి నది గురించి చెప్పడం వాళ్ల పద్ధతి. మనకు అంత పెద్ద ఓడ అక్కర్లేదు.

పదేళ్ల నుంచి పదిహేనేళ్ల వయసు పిల్లలతో రెండు వారాల శిబిరం పెట్టాలనుకునే క్లబ్బులు, బడులు, చిన్న బృందాల కోసం ఇది రాస్తున్నాను. సెయిలింగ్ నేర్పడానికి తగిన అర్హత ఉన్న కోచ్ మీ దగ్గర ఉన్నారని అనుకునే రాస్తున్నాను. లేకపోతే ముందు వాళ్లను వెతుక్కోండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు నీళ్లు, తర్వాత ఒక ప్రశ్న

శిబిరానికి రెండు నెలల ముందే మీరు వాడబోయే నీళ్ల మీద ఒకసారి కాదు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేర్వేరు రోజుల్లో తిరగండి. వాగు ఎక్కడ కలుస్తోంది, నాచు ఏ మూల పడుతోంది, మోటారు బోట్లు ఏ దారిన పోతున్నాయి, గాలి ఏ వేళ లేస్తోంది అన్నీ ఒక మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి. సముద్ర తీరమైతే పోటు, పాటు ఏ గంటకో పట్టిక తెచ్చుకోండి. పాటు తీస్తున్న వేళ గాలి కూడా ఒడ్డు నుంచి సముద్రం వైపే వీస్తుంటే చిన్న పడవలు దించకూడదు. రెండూ కలిసి పిల్లల్ని లోపలికి లాక్కుపోతాయి.

ఆ నీటి మీద అధికారం ఉన్న కార్యాలయం నుంచి అనుమతి తీసుకునేటప్పుడే నీటి నాణ్యత పరీక్షల ఫలితాలు కూడా అడగండి. భారీ వాన పడిన తర్వాత రెండు మూడు రోజులు మురుగంతా కొట్టుకొచ్చి చేరుతుంది, కాబట్టి ఆ రోజుల్లో పిల్లల్ని నీళ్లలోకి దించకండి. ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు నీటి మీద తెట్టు కట్టి ఉంటే అది నీలి ఆకుపచ్చ శైవలం కావచ్చు. అందులో కొన్ని రకాలు విషం విడుదల చేస్తాయి. ఆ చోటికి పడవలు కూడా పోనివ్వవద్దు.

ఇక ప్రశ్న సంగతి. శిబిరం మొత్తానికి ఒక్క ప్రశ్న చాలు. అది పిల్లలు తమ చేతులతో కొలిచి జవాబు చెప్పగలిగేంత చిన్నదిగా ఉండాలి. ‘వాగు తెచ్చే బురద ఎంత దూరం వరకు నీళ్లను మసకబారుస్తోంది?’ మంచి ప్రశ్న. ‘నాచు దట్టంగా ఉన్న మూలలో ఆక్సిజన్ పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత?’ ఇంకా మంచి ప్రశ్న. ‘సముద్రాన్ని ఎలా కాపాడాలి?’ అన్నది మాత్రం వద్దు. పదకొండేళ్ల పిల్ల ఆ ప్రశ్నకు జవాబు ఏం చెప్పగలదు? ప్రపంచమంతా పాడైపోతోందన్న దిగులు ఒక్కటే ఇంటికి పట్టుకెళ్తుంది. పర్యావరణ పాఠాలు పిల్లల్ని భయపెట్టడం నాకు అస్సలు నచ్చదు. వాళ్ల కళ్లముందున్న నీళ్లలో ఏం జరుగుతోందో వాళ్లే పట్టుకోగలరని ముందు తెలియాలి.

ప్రశ్న కుదిరాక నాలుగు స్థలాలు ఎంచుకోండి. ఒకటి వాగు కలిసే చోట, ఒకటి నాచు మూల, ఒకటి నడిమధ్య లోతులో, ఒకటి పడవలు కట్టే జెట్టీ పక్కన. నాలుగు చాలు. ఎక్కువ పెడితే అన్నీ హడావుడిగా కొలవాల్సి వస్తుంది. ప్రతిసారీ సరిగ్గా అదే చోట ఆగడానికి జీపీఎస్ ఇవ్వకండి. ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూపించండి. ముందు ఒక స్తంభం, వెనక ఒక పెద్ద చెట్టు అనుకోండి. ఆ రెండూ ఒకే వరుసలో కనిపిస్తున్నాయంటే మీరు ఆ గీత మీద ఉన్నట్టు. ఇంకో దిక్కున అలాంటి జత ఇంకొకటి చూసుకుంటే ఆ రెండు గీతలు కలిసే చోటే మీ స్థలం. తీరాల వెంట చేపలు పట్టేవాళ్లు తరతరాలుగా నమ్ముకున్న పద్ధతి ఇది. రెండో రోజుకల్లా పిల్లలకు చేయి తిరుగుతుంది. పడవ పక్కకు కొట్టుకుపోతుంటే చెట్టు స్తంభం వెనక నుంచి మెల్లగా బయటికి రావడం వాళ్లే గమనించి అరుస్తారు.

పడవలు, మనుషులు

పిల్లలు ఒంటరిగా నడపడానికి ఆప్టిమిస్ట్ కంటే సులువైన పడవ నాకు తెలియదు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసమే గీసిన పడవ అది. పొడవు 2.3 మీటర్లు, పడవ బరువు 35 కిలోలు. దాదాపు పెట్టె ఆకారంలో ఉంటుంది కాబట్టి ఊరికే ఒరిగిపోదు. కానీ అందులో ఒక బిడ్డ, ఒక సీసా, ఒక నోట్‌బుక్ ముగ్గురూ పట్టరు. అందుకే మొదటి నాలుగు రోజులు ఒంటరి పడవల్లో నడపడం నేర్పి, ఐదో రోజు నుంచి నలుగురు పట్టే స్థిరమైన పడవలోకి మారుస్తాను. ఒకరు చుక్కాని, ఒకరు తెరచాప తాడు, ఒకరు పరికరం, ఒకరు రాత. ప్రతి స్థలం దగ్గర పనులు మారాలి. లేకపోతే అందంగా రాసే అమ్మాయి రెండు వారాలూ రాస్తూనే ఉండిపోతుంది, బలంగా ఉన్న అబ్బాయి చుక్కాని వదలడు.

ఆరు చిన్న పడవలకు ఒక సేఫ్టీ బోటు ఉండాలన్నది నా లెక్క. కొత్త పిల్లలైతే నాలుగింటికే ఒకటి. బోటు నడిపేవారు కిల్ కార్డ్ (మనిషి పడిపోతే ఇంజను ఆపేసే తాడు) కాలికి తగిలించుకోకుండా ఇంజను ఆన్ చేయకూడదు. నీళ్లలో ఉన్న బిడ్డ దగ్గరికి వచ్చాక ఇంజను న్యూట్రల్‌లో పెట్టడం చాలదు, పూర్తిగా ఆపాలి.

తల్లిదండ్రుల నుంచి తీసుకునే ఫారంలో ఆస్తమా, మూర్ఛ, అలర్జీ గురించి విడివిడిగా అడగండి. ‘ఆరోగ్య సమస్యలు ఏమైనా ఉన్నాయా?’ అని ఒక్క గీత ఇస్తే ‘లేవు’ అని రాసేస్తారు. ఇన్‌హేలర్ వాడే పిల్లలకు అది నీళ్లు చొరబడని సంచిలో సేఫ్టీ బోటులోనే ఉండాలి, ఒడ్డున బ్యాగులో కాదు.

మొదటి రోజే పడవ బోల్తా కొట్టించండి

పిల్లలకు ఉండే టెన్షన్ అంతా ఒకటే. పడవ తిరగబడితే? దాన్ని దాచి ఉంచి వారం రోజులు భయపెట్టడం కంటే మొదటి రోజే, నడుము లోతు దాటిన నీళ్లలో, పక్కన మనిషిని పెట్టుకుని, కావాలని తిప్పేయడం మేలు.

దానికి ముందు లైఫ్ జాకెట్. ఈత వచ్చి, పక్కనే సాయం ఉన్న పిల్లలకు 50 న్యూటన్ల తేలియాడే సాయం ఇచ్చే రకం సరిపోతుంది, ఒళ్లు తిప్పడానికి అడ్డం రాదు. ఈత అంతగా రాని వాళ్లకు 100 న్యూటన్లు లేదా అంతకు మించినది ఇవ్వండి. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది చెవుల దాకా లేస్తే సైజు పెద్దది. ఈ పరీక్ష రోజూ పొద్దున ప్రతి బిడ్డకూ చేయాలి. నిన్న సరిగ్గా ఉన్న బకిల్ ఈరోజు వదులై ఉంటుంది. జాకెట్‌కు విజిల్ కట్టి ఉండాలి.

నీళ్ల వేడి కూడా చూడండి. నీళ్లు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే పడగానే ఊపిరి ఎగదన్నుతుంది, ఆ క్షణంలో నీళ్లు మింగేస్తారు. అలాంటి చోట వెట్‌సూట్ (ఒంటి వేడి నిలిపే రబ్బరు దుస్తులు) లేకుండా దించవద్దు. పడగానే చేయాల్సిన పని ఈదడం కాదు, జాకెట్‌ను నమ్ముకుని తేలుతూ ఊపిరి కుదుటపడే వరకు ఆగడం. సుమారు ఒక నిమిషం పడుతుంది.

పడవ తిరగబడినప్పుడు మొదటి నియమం పడవను వదలకపోవడం. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా ఈదుకుంటూ పోకూడదు, ఎందుకంటే సేఫ్టీ బోటులో ఉన్నవాళ్లకు పడవ కనిపిస్తుంది, ఒక తల కనిపించదు. ఇద్దరుంటే ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవాలి. తర్వాత తెరచాప తాడు బిగుసుకుని లేదని చూసుకోవాలి, తాడు పట్టి ఉంటే పడవ లేచీ లేవగానే మళ్లీ గాలి నింపుకుని అటు పడిపోతుంది. పడవ అంచు పట్టుకుని చుట్టూ తిరిగి అడుగు వైపుకు వెళ్లి, బయటికి పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) మీద ముందు చేతులతో, తర్వాత కాళ్లతో బరువు వేయాలి. పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉంటే తేలిగ్గా లేస్తుంది. అంచు పట్టుకుని వెనక్కి వాలితే మొదట ఏమీ కదలదు. పిల్లలు సరిగ్గా అక్కడే వదిలేస్తారు. ‘ఇంకా వాలు, ఇంకా వాలు’ అని చెప్పండి. తెరచాప మీది నీళ్లు జారిపోయేదాకా బరువుగా ఉండి, తర్వాత ఒక్కసారిగా లేస్తుంది.

ఆ పడవ లేచిన క్షణంలో బిడ్డ ముఖం చూడాలి. అంతకు ముందు జెట్టీ చివర మోకాళ్లు కావలించుకుని కూర్చున్న పిల్లే ‘మళ్లీ తిప్పుదాం’ అంటుంది. అలా అనని పిల్లలూ ఉంటారు. వాళ్లను బలవంతం చేయకండి. సేఫ్టీ బోటులో కూర్చుని చూడనివ్వండి, రెండో రోజు మళ్లీ అడగండి. ఎండిన ఒంటితో చూసినవాళ్లు కూడా సగం నేర్చుకుని ఉంటారు.

లోపల కట్టిన గాలి సంచులు నిండుగా ఉన్నాయా, నీళ్లు తోడే డబ్బా తాడుతో కట్టి ఉందా అని రోజూ పొద్దున పిల్లలే చూసి మీకు చెప్పాలి.

గాలిని చదవడం

పడవ ఎక్కే ముందు అరగంట ఒడ్డున నిలబడాలి. కళ్లు మూసుకుని గాలి రెండు చెవులకూ సమానంగా వినిపించేలా ముఖం తిప్పమనండి. ఇప్పుడు ముఖం ఎటుందో గాలి అటు నుంచే వస్తోంది. కళ్లు తెరిచి నీళ్లు చూడమనండి. నల్లగా గరుకుగా కనిపించే చోట గాలి బలంగా ఉంది, నునుపుగా మెరిసే చోట గాలి లేదు. ఆ నల్లని మచ్చ తమ వైపు కదిలి వస్తుంటే ఎన్ని సెకన్లలో ముఖానికి తగులుతుందో లెక్కపెట్టమనండి.

1805లో బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ గాలిని కంటితో చూసి అంకె వేసే పద్ధతి తయారుచేశాడు. పరికరం లేని పిల్లలకు ఇప్పటికీ అదే మంచి సాధనం. బోఫోర్ట్ 3 అంటే 7 నుంచి 10 నాట్లు, అక్కడక్కడా అలల తలల మీద తెల్ల నురగ మొదలవుతుంది. 4 అంటే 11 నుంచి 16 నాట్లు, తెల్ల నురగ తరచుగా కనిపిస్తుంది. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. కొత్తవాళ్లను నేను 3 దాటితే దించను. ముందు పిల్లలు కంటితో అంకె చెప్పాలి, తర్వాతే గాలి వేగం కొలిచే మీటరు బయటికి తీయాలి. వారం తిరిగేసరికి పిల్లల అంచనా మీటరుకు ఒకటి రెండు నాట్లలోపే ఉంటుంది.

గాలి ఎందుకు వస్తుందన్నది పర్యావరణ శాస్త్రంలో మొదటి పాఠం, దానికి రెండు థర్మామీటర్లు చాలు. ఎనిమిది గంటలకు ఒడ్డు ఇసుక వేడి, నీటి వేడి కొలవండి. పన్నెండుకు మళ్లీ కొలవండి. ఇసుక బాగా వేడెక్కి ఉంటుంది, నీళ్లు దాదాపు కదలవు. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే ఆ ఖాళీలోకి నీటి మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం తెరచాప నింపేది ఆ తేడానే అని తెలిశాక, మబ్బు పట్టిన రోజు గాలి ఎందుకు లేవలేదో పిల్లలే చెబుతారు.

ఆపడం

అందరూ మొదట పడవ నడపడం నేర్పుతారు. నేను ఆపడం నేర్పుతాను. పడవకు బ్రేకు లేదు. ఆపడం వచ్చిన బిడ్డ ఎంత వేగంగా పోతున్నా భయపడదు, తాడు వదిలితే ఆగుతుందని తెలుసు కాబట్టి. పైగా ఆగకుండా కొలవడం కుదరదు. ఈ ఒక్క నైపుణ్యం మీదే శిబిరం మొత్తం ఆధారపడి ఉంటుంది.

గాలి ఒక పక్క నుంచి, కాస్త ముందు వైపు నుంచి తగిలేలా పడవను పెట్టాలి. గడియారంలో పడవ ముక్కు పన్నెండు అనుకుంటే గాలి రెండింటి దగ్గర్నుంచో పదింటి దగ్గర్నుంచో రావాలి. ఇప్పుడు తెరచాప తాడు పూర్తిగా వదిలేయాలి. తెరచాప గాలివాటున పక్కకు వాలి రెపరెపలాడుతుంది, బలం పోతుంది, పడవ నిదానించి ఆగుతుంది. చుక్కాని మాత్రం వదలకూడదు. మళ్లీ బయలుదేరాలంటే తాడు లాగడమే. పిల్లలు చాలామంది ఆపడానికి ముక్కును తిన్నగా గాలికి ఎదురు తిప్పేస్తారు. అలా తిప్పితే పడవ ఆగుతుంది, కానీ తర్వాత వెనక్కి జారుతుంది, చుక్కాని మాట వినదు. ఏ తెరచాప పడవైనా గాలికి ఎదురుగా రెండు పక్కలా సుమారు 45 డిగ్రీల మేర నేరుగా పోలేదు. ఆ ముక్కను ఇసుకలో గీసి చూపించండి.

రెండు బోయలు (నీటి మీద తేలే గుర్తులు) నిలిపి, బోయ పక్కన చేయి చాపితే తగిలేంత దూరంలో పడవ ఆపి, ఇరవై లెక్కపెట్టి బయలుదేరే ఆట పెట్టండి. రేసు కంటే దీన్ని ఎక్కువ ఇష్టపడతారు. ఆపడం వచ్చాక ట్యాకింగ్, జైబింగ్ (పడవ ముక్కునో, వెనక భాగాన్నో గాలికి అడ్డంగా తిప్పి దిశ మార్చడం) మామూలుగా నేర్పుకుంటూ పోవచ్చు, వాటి గురించి మీ కోచ్‌కు నేను చెప్పేదేమీ లేదు. దారి నియమాలు మాత్రం నోటికి రావాలి. రెండు తెరచాప పడవలు ఎదురైతే ఎడమ పక్క నుంచి గాలి తగిలే పడవ తప్పుకోవాలి. ఇద్దరికీ ఒకే పక్క నుంచి గాలి వస్తుంటే గాలి వైపున్న పడవ తప్పుకోవాలి. వెనక నుంచి దాటేవాళ్లు ఎప్పుడూ తప్పుకోవాలి.

తెల్ల, నల్ల డిస్కు

శిబిరంలో ఒక్క పరికరమే పెట్టుకోగలిగితే, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూపే సెక్కీ డిస్కు పెట్టుకోండి. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త, మతగురువు ఏంజెలో సెక్కీ పోప్ నౌక మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి తెల్లని డిస్కులు దించి, అవి ఎంత లోతులో కనుమరుగవుతాయో చూశాడు. 1899లో అమెరికా ఇంజనీరు జార్జ్ విపుల్ దాన్ని నాలుగు భాగాలుగా గీసి నలుపు, తెలుపు వేయించాడు. సరస్సుల్లో ఇప్పుడు వాడేది ఎక్కువగా ఇదే, 20 సెంటీమీటర్ల వెడల్పు. పిల్లల చేతే తయారు చేయించండి. గట్టి ప్లాస్టిక్ పలక, మధ్యలో రంధ్రం, కింద బరువు, సాగని తాడు. తాడును ముందు తడిపి, బరువు కట్టి లాగి, అప్పుడు ప్రతి పది సెంటీమీటర్లకు గుర్తు వేయండి.

వాడే పద్ధతి చెబుతాను. పడవ ఆగాలి. ఎండ పడని పక్క నుంచి దించాలి, లేకపోతే నీటి మీది మెరుపు కళ్లకు అడ్డం వస్తుంది. నల్లకళ్లజోడు తీసేయాలి. డిస్కు మసకబారి, పచ్చటి మచ్చగా మిగిలి, కనిపించకుండా పోయిన చోట తాడు మీద వేలు పెట్టాలి. ఇంకాస్త దించి, మెల్లగా పైకి లాగుతూ మళ్లీ కనిపించిన చోట ఇంకో వేలు. రెండింటి సగటు ఆ స్థలంలో డిస్కు కనిపించే లోతు. పది గంటలకు, రెండు గంటలకు మధ్య కొలిస్తేనే రోజుకీ రోజుకీ పోల్చడానికి పనికొస్తుంది.

ఒకరు ‘పోయింది’ అంటారు, పక్కవాళ్లు ‘ఇంకా కనిపిస్తోంది’ అంటారు. పెద్దవాళ్లు ఇక్కడ కల్పించుకోకూడదు. ఇద్దరి అంకెలూ రాయించండి. ఒకసారి ఒక అమ్మాయి అంకె ప్రతిచోటా మిగతా ముగ్గురి కంటే పది, పదిహేను సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంటే జట్టు ఆమెను దబాయించడం మొదలుపెట్టింది. ఆమె తగ్గలేదు. నాలుగు స్థలాల అంకెలూ పక్కపక్కన రాసి చూస్తే ప్రతిచోటా దాదాపు అదే తేడా. ఆమె చూపు వాళ్లకంటే పదునైనది, అంతే. ఏ స్థలంలో నీళ్లు ఎక్కువ మసకగా ఉన్నాయన్న విషయంలో నలుగురిదీ ఒకటే జవాబు. మనిషికీ మనిషికీ ఉండే తేడాను, నీటికీ నీటికీ ఉండే తేడాను విడదీసి చూడటం ఆ రోజు ఆ పిల్లలకు నేను చెప్పకుండానే వచ్చింది. ఆ సాయంత్రం వాళ్లే నిర్ణయించుకున్నారు, ఒక స్థలానికి వెళ్లిన ప్రతిసారీ అదే ఇద్దరు చూడాలని.

సముద్రం మీద పడవల్లో తిరిగేవాళ్లు ఇదే కొలత తీసి పంపే సెక్కీ డిస్క్ అధ్యయనం 2013 నుంచి నడుస్తోంది. మీది సముద్ర తీరమైతే, పెద్ద పిల్లలకు ఆ సంగతి చెప్పండి. వాళ్లు చేసే పనిని శాస్త్రవేత్తలు నిజంగా వాడతారని తెలిస్తే అంకె రాసే చేయి జాగ్రత్త పడుతుంది.

సీసాలో ఆక్సిజన్, వలలో ప్లాంక్టన్

నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేందుకు ఎలక్ట్రానిక్ మీటర్లున్నాయి. కానీ పిల్లలకు నేను వింక్లర్ పద్ధతి కిట్‌నే ఇస్తాను. హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రచురించిన పద్ధతి అది. సీసాను నీటిలో ముంచి, ఒక్క బుడగ కూడా లేకుండా మూత పెట్టాలి, ఎందుకంటే బుడగలోని ఆక్సిజన్ లెక్కలోకి వచ్చేస్తుంది. చుక్కలు వేయగానే గోధుమ రంగు మడ్డి కిందికి దిగుతుంది, యాసిడ్ వేస్తే పసుపు, స్టార్చ్ వేస్తే నీలం, చివరి చుక్కతో రంగంతా పోతుంది. ఎన్ని చుక్కలు పట్టాయన్నదే లెక్క. యాసిడ్ పెద్దవాళ్లే వేయాలి, అందరికీ కళ్లద్దాలు, గ్లవ్స్ ఉండాలి. మొదటి రెండు రసాయనాలు పడవలోనే వేసి, మిగతాది ఒడ్డున చేసుకోండి. వాడేసిన ద్రవం ఒక్క చుక్క కూడా నీళ్లలో పోయకండి.

చల్లటి నీరు ఎక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది. మంచినీటిలో 0 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 14.6 మిల్లీగ్రాములు, 20 దగ్గర 9.1, 30 దగ్గర 7.6 దాకా పడుతుంది. 5 కంటే తగ్గితే చాలా రకాల చేపలు ఇబ్బంది పడతాయి, 2 కంటే తగ్గితే పోగలిగినవి ఆ చోటు వదిలి పోతాయి. నాచు మూలలో ఒకరోజు తెల్లవారుజామున, అదే రోజు మధ్యాహ్నం కొలిపించండి. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అక్కడున్న జీవులన్నీ, నాచుతో సహా, వాడుకుంటాయి. సూర్యుడు లేవకముందు అంకె అన్నిటికంటే కింద ఉంటుంది. ఈ తేడా చూడటం కోసం పిల్లల్ని చీకటితోనే లేపితే ఎవరూ విసుక్కోరు. ఆ వేళ గాలి ఉండదు కాబట్టి తెడ్లు వేసుకుని వెళ్లండి.

ప్లాంక్టన్ (నీటితో పాటు కొట్టుకుపోతూ బతికే చిన్న జీవులు) వల దగ్గర సెయిలింగ్ మళ్లీ పనికొస్తుంది. వల కన్ను 80 మైక్రాన్ల (0.08 మిల్లీమీటర్ల) దగ్గర ఉంటే వృక్ష రకాల్లో పెద్దవీ, జంతు రకాలూ రెండూ దొరుకుతాయి. పడవ ఒకటి రెండు నాట్లు మించి పోకూడదు. వేగం పెరిగితే నీళ్లు వలలోకి పోకుండా మూతి దగ్గరే వెనక్కి తన్నుకుంటాయి. తెరచాప తాడును అంగుళం లాగుతూ, అంగుళం వదులుతూ ఐదు నిమిషాలు అదే వేగం నిలపడం చిన్న పనేమీ కాదు. రేసుల్లో గెలిచే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు.

ఒడ్డుకు వచ్చాక వల చివరి సీసాను వెలుతురుకు పట్టి చూపించండి. కదిలే చుక్కలు కంటికే కనిపిస్తాయి. మైక్రోస్కోపు కింద ఒక కోపిపాడ్ (చిన్న రొయ్య లాంటి జీవి) దొరికిందా, ఇక పిల్లలు లేవరు. ఒంటి కన్ను, పొడవాటి మీసాల్లాంటి స్పర్శకాలు, గుండె కొట్టుకున్నట్టు ఒక్కో కుదుపుతో ముందుకు దూకడం. ఆడది అయితే తోక దగ్గర రెండు గుడ్ల సంచులు కూడా ఉండొచ్చు. పక్కనే డయాటమ్‌లు, గాజు పెంకులున్న ఒంటికణం జీవులు. భూమి మీద కిరణజన్య సంయోగక్రియ వల్ల పుట్టే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రాల్లోని ఇలాంటి సూక్ష్మ జీవుల వల్లే అని అప్పుడు చెప్పండి, చూడకముందు చెప్పవద్దు. చూశాక ఆ నీళ్లను తెచ్చిన చోటే పోయించండి.

ఒడ్డున చెత్త ఏరడం ప్రతి శిబిరంలోనూ ఉంటుంది. ఏరి పారేస్తే అది శుభ్రత. అదే 50 మీటర్ల ముక్క కొలిచి, రకాలుగా విడదీసి లెక్కపెట్టి రాస్తే, వారం తర్వాత మళ్లీ అదే ముక్కలో లెక్కపెడితే, అది శాస్త్రం కూడా అవుతుంది. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కలకు వేరే గడి పెట్టండి.

నోట్‌బుక్

నీళ్లకు తడవని కాగితం, పెన్సిల్, పెన్సిల్‌కు తాడు. ప్రతి కొలతకూ తేదీ, గంట, స్థలం, గాలి, మబ్బు, కొలిచినవారి పేర్లు. సముద్రమైతే పోటా, పాటా. చెరిపే రబ్బరు ఇవ్వకండి. తప్పు అనిపిస్తే ఒక్క గీత కొట్టి పక్కన కొత్తది రాయాలి, పాతది కూడా చదవగలిగేలా ఉండాలి. ఏమీ దొరక్కపోతే సున్నా రాయాలి. ఖాళీ వదిలితే కొలవలేదా, దొరకలేదా అన్నది తర్వాత ఎవరికీ తెలియదు. దీని దగ్గర నేను చాలా పట్టుగా ఉంటాను, పిల్లలు మొదట్లో సణుగుతారు, తర్వాత వాళ్లే ఒకరినొకరు సరిచేస్తారు.

రోజూ సాయంత్రం గోడ మీద పెద్ద గ్రాఫు కాగితం. ఆ రోజు చుక్కలు పిల్లలే పెట్టాలి.

గాలి లేని రోజు, గాలి ఎక్కువైన రోజు

గాలి పడిపోయిన రోజు నీళ్లు తేటగా, నిశ్చలంగా ఉంటాయి. సెక్కీకి, ఒడ్డు వెంట జీవుల్ని లెక్కపెట్టడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. 50 సెంటీమీటర్ల చదరపు చట్రం వేసి లోపల ఉన్నవన్నీ లెక్కపెట్టించండి. గాలి ఎక్కువైతే ఒడ్డున ముడులు. బోలైన్, ఎనిమిది ముడి, క్లీట్‌కు (తాడు బిగించే కొమ్ముల పట్టు) కట్టడం, ఈ మూడు కళ్లు మూసుకుని వేయగలగాలి.

ఉరుము వినిపిస్తే మాత్రం చర్చ లేదు, అందరూ ఒడ్డుకు, పైకప్పున్న భవనంలోకి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. నీళ్ల మీద అన్నిటికంటే ఎత్తుగా నిలబడేది మీ తెరచాప కొయ్యే. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ దిగాలి.

ఒక నీటి నుంచి ఇంకో నీటికి పడవలు మారుస్తుంటే నాచు ముక్కలు, మట్టి అన్నీ చూసి కడిగి, నీళ్లన్నీ వంపేసి పూర్తిగా ఆరబెట్టాలి. జీబ్రా మసెల్ (చిన్న మంచినీటి ఆల్చిప్ప) లాంటి పరాయి జీవులు ఇలాగే పడవలకు అంటుకుని కొత్త సరస్సులకు పాకాయి. వల, డిస్కు, తాడు, బూట్లు కూడా మర్చిపోవద్దు.

చివరి రెండు రోజులు

రేసు పెట్టాలనిపిస్తే పెట్టండి, నేను మాత్రం ముగింపు పరీక్షగా ఒక ప్రయాణం పెడతాను. జట్టుకు ఒక స్థలం పేరు చెబుతాను. ఏ దారిన పోవాలో, ఎక్కడ ట్యాక్ చేయాలో, ఎలా ఆగాలో, ఎవరు కొలవాలో అన్నీ వాళ్లే తేల్చుకుని, వెళ్లి, కొలిచి, రాసుకుని రావాలి. సేఫ్టీ బోటు కనుచూపు మేరలో ఉంటుంది, నోరు మెదపదు. గాలి అంచనాకు మించి లేస్తే కొలవకుండా తిరిగి రావడం కూడా సరైన జవాబే అని ముందే చెప్పండి. అలా తిరిగి వచ్చిన జట్టుకు అందరిముందూ మెచ్చుకోలు దక్కాలి.

ఆఖరి రోజు తల్లిదండ్రులతో పాటు ఆ నీళ్లను రోజూ వాడేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను, జెట్టీ చూసుకునేవాళ్లను పిలవండి. ప్రతి జట్టు మూడు విషయాలే చెప్పాలి: ఏం కొలిచాం, ఏం కనిపించింది, ఇంకా ఏం కొలిస్తే ఖాయంగా చెప్పగలం. పది రోజుల కొలతలతో ‘వాగు వల్లే నీళ్లు పాడయ్యాయి’ అని తీర్పు చెప్పనివ్వకండి. ‘వాగు దగ్గర మసక ఎక్కువ, వాన తర్వాత ఇంకా ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తగ్గింది’ అంటే చాలు. చేపలు పట్టేవాళ్లు అప్పుడు అడిగే ప్రశ్నలు ఏ ఉపాధ్యాయుడూ అడగలేనివి. వాటిని నోట్‌బుక్‌లో రాయించండి.

అందరూ వెళ్లాక నోట్‌బుక్కుల పేజీలన్నీ ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. నాలుగు స్థలాల గుర్తుల జతలను బొమ్మ గీసి పెట్టండి, వచ్చే ఏడాదికి ఆ చెట్టు కొమ్మలు కొట్టేయవచ్చు. గాలి సంచుల్లో గాలి కాస్త తగ్గించండి. డిస్కు తాడును ఆరబెట్టి చుట్టండి, మళ్లీ వాడే ముందు తడిపి టేపుతో గుర్తులు సరిచూసుకోండి. వచ్చే ఏడు కూడా అవే తేదీల్లో, అదే గంటకు, అవే నాలుగు చోట్ల కొలత మొదలుపెట్టండి.